నిర్ణయం తీసుకోలేని వారి తరఫున ఎవరు నిలబడాలి? భువనగిరి జిల్లాలో ఏ పనికి ఏ ఆఫీసుకు వెళ్లాలి?

యాదాద్రి భువనగిరి జిల్లాలో కొన్నేళ్లుగా భూముల విలువ బాగా పెరిగింది. ఒకవైపు వరంగల్ రహదారి, మరోవైపు విజయవాడ రహదారి, వాటికి తోడు రీజినల్ రింగ్ రోడ్డు కోసం భూసేకరణ. భూమికి ధర వచ్చిన చోట పంపకాలు, అమ్మకాలు, పరిహారం లెక్కలు కూడా వస్తాయి. ఆ కాగితాల మీద సంతకం పెట్టాల్సిన వారిలో బుద్ధిమాంద్యం ఉన్న తమ్ముడో, మతిమరుపు ముదిరిన తండ్రో, స్కిజోఫ్రెనియాతో బాధపడుతున్న ఆడబిడ్డో ఉంటే పరిస్థితి ఏమిటి?

చాలా ఇళ్లలో వినిపించే మాట ఒకటే: 'వానికేం తెలుస్తది, వేలిముద్ర వేయిద్దాం.' ఆ వేలిముద్రతో ఆ మనిషి వాటా పోవచ్చు. కొన్న వాళ్ల రిజిస్ట్రేషన్ పదేళ్ల తర్వాత కోర్టులో చిక్కుల్లో పడొచ్చు. కుటుంబం మంచి మనసుతో చేసిన పనైనా సరే చెల్లకుండా పోవచ్చు.

ఇలాంటి వారి తరఫున మాట్లాడే హక్కు ఎవరికి ఉంటుంది, ఆ హక్కు ఎవరిస్తారు, కోర్టు కేసుల్లో వారికి రక్షణ ఏమిటి, ఉచితంగా వకీలు ఎక్కడ దొరుకుతారు? ఒక్కొక్కటిగా చూద్దాం.

చట్టం మొదట చెప్పేది ఏమిటి?

వైకల్యం ఉందన్న కారణంతోనే ఒకరి హక్కు పోదు. దివ్యాంగుల హక్కుల చట్టం-2016 సెక్షన్ 13 ఈ మాటను స్పష్టంగా చెబుతోంది. దివ్యాంగులు మిగతా వారితో సమానంగా ఆస్తి కలిగి ఉండొచ్చు, వారసత్వం పొందొచ్చు, బ్యాంకు ఖాతా నడుపుకోవచ్చు. ఈ చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. ఐక్యరాజ్యసమితి దివ్యాంగుల హక్కుల ఒప్పందాన్ని భారత్ 2007లో ఆమోదించింది. అందులోని సూత్రాలే ఈ చట్టానికి ఆధారం.

వారసత్వం విషయంలో ఇంకా పాత రక్షణ ఉంది. హిందూ వారసత్వ చట్టం-1956 సెక్షన్ 28 ప్రకారం జబ్బు, లోపం, అంగవైకల్యం అన్న కారణాలతో ఎవరినీ వారసత్వానికి అనర్హులుగా చూడకూడదు. కాబట్టి 'వాడికి మతి లేదు, వాటా ఎందుకు' అనే మాటకు చట్టంలో చోటు లేదు.

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం-2017 మరో అడుగు ముందుకు వేసింది. ఒక మనిషికి మానసిక అనారోగ్యం ఉందని డాక్టరు నిర్ధారించినంత మాత్రాన ఆ మనిషిని మతి స్థిమితం లేని వ్యక్తిగా లెక్కగట్టకూడదు. ఆ మాట చెప్పాల్సింది కోర్టు. ఆస్పత్రి చీటీ, మందుల సంచి చూపించి ఒకరి సంతకానికి విలువ లేదనడం కుదరదు.

కాంట్రాక్టు చట్టం-1872 కూడా ఇదే దారిలో ఉంది. మామూలుగా మతి స్థిమితం లేకపోయినా, మధ్యమధ్యలో స్థిమితంగా ఉండే వ్యక్తి ఆ సమయంలో ఒప్పందం చేసుకోవచ్చని సెక్షన్ 12 చెబుతోంది. సామర్థ్యం అనేది ఆ పనికి, ఆ రోజుకు సంబంధించిన ప్రశ్న. సంతకు వెళ్లి కూరగాయలు బేరమాడి తెచ్చే మనిషికి రెండెకరాల అమ్మకం దస్తావేజు అర్థం కాకపోవచ్చు. అంతమాత్రాన ఆయన ఏ నిర్ణయమూ తీసుకోలేడని కాదు.

ఇంగ్లండ్, వేల్స్‌లో ఈ విషయాలన్నిటికీ 2005లో ఒకే చట్టం తెచ్చారు. కోర్టులో నిలబడటానికి ఎవరూ లేని వారి కోసం అఫీషియల్ సొలిసిటర్ అనే ప్రభుత్వ అధికారి కూడా అక్కడ ఉన్నారు. మన దగ్గర అలాంటి ఒకే చట్టం లేదు. సమస్యను బట్టి చట్టం, చట్టాన్ని బట్టి ఆఫీసు మారుతుంది. జనం తికమక పడేది ఇక్కడే.

పిల్లవాడికి 18 ఏళ్లు నిండితే తల్లిదండ్రుల అధికారం ఏమవుతుంది?

తల్లిదండ్రులు సహజ సంరక్షకులుగా ఉండేది పిల్లలకు 18 ఏళ్లు వచ్చే వరకే. బుద్ధిమాంద్యం ఉన్న బిడ్డకు 18 నిండిన రోజు నుంచి, ఆ బిడ్డకు అన్నం తినిపించేది అమ్మే అయినా, బిడ్డ తరఫున సంతకం పెట్టే అధికారం చట్టం దృష్టిలో అమ్మకు ఉండదు. చాలా కుటుంబాలకు ఈ సంగతి బ్యాంకులోనో, తహసీల్దార్ ఆఫీసులోనో పని ఆగినప్పుడే తెలుస్తుంది.

దీనికి దారి చూపేది నేషనల్ ట్రస్ట్ చట్టం-1999. ఇది నాలుగు రకాల వారికి వర్తిస్తుంది: ఆటిజం, సెరెబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, ఒకటికి మించిన వైకల్యాలు. ఈ చట్టం కింద ప్రతి జిల్లాలో లోకల్ లెవెల్ కమిటీ ఉంటుంది. కలెక్టర్ స్థాయికి తగ్గని అధికారి, నేషనల్ ట్రస్ట్‌లో నమోదైన స్వచ్ఛంద సంస్థ ప్రతినిధి, ఒక దివ్యాంగుడు ఇందులో సభ్యులు. సంరక్షకుడిని నియమించేది ఈ కమిటీయే. దీనికోసం కోర్టుకు వెళ్లాల్సిన పని లేదు, వకీలును పెట్టుకోవాల్సిన అవసరమూ లేదు.

2016 అక్టోబర్ 11న నల్గొండ నుంచి వేరుపడి యాదాద్రి భువనగిరి జిల్లా ఏర్పడింది. అప్పటి నుంచి ఇక్కడి కుటుంబాలు ఈ పని మీద నల్గొండ కలెక్టరేట్ దాకా పోవాల్సిన అవసరం లేకుండా పోయింది. భువనగిరి కలెక్టరేట్‌లోని మహిళా శిశు, దివ్యాంగుల, వయోవృద్ధుల సంక్షేమ శాఖ కార్యాలయంలో అడగాలి. అక్కడ జవాబు దొరక్కపోతే సోమవారం ప్రజావాణిలో కలెక్టర్‌కు అర్జీ ఇచ్చి రసీదు తీసుకోవచ్చు.

దరఖాస్తు ఎలా చేయాలి?

సంరక్షకుడి నియామకం కోసం ఫారం-ఎ నింపాలి. తల్లి, తండ్రి లేదా దగ్గరి బంధువు దరఖాస్తు చేయొచ్చు. తల్లిదండ్రులు తమనే సంరక్షకులుగా నియమించమని అడగొచ్చు, లేదా వేరొకరి పేరు సూచించొచ్చు. నమోదైన సంస్థలు కూడా నిబంధనల ప్రకారం దరఖాస్తు చేసుకోవచ్చు.

సాధారణంగా వెంట ఉంచుకోవాల్సినవి ఇవి:

- సదరం సర్టిఫికెట్ లేదా యూడీఐడీ కార్డు
- పుట్టిన తేదీ రుజువు, ఆధార్, ఫొటోలు
- సంరక్షకుడిగా ఉండబోయే వారి గుర్తింపు, చిరునామా పత్రాలు
- ఆ వ్యక్తి పేరు మీద ఉన్న భూమి, ఇల్లు, బ్యాంకు ఖాతా వివరాలు
- సంరక్షకుడిగా ఉండటానికి సమ్మతి పత్రం

గతంలో సదరం శిబిరానికి మీసేవలో స్లాట్ బుక్ చేసుకునే పద్ధతి ఉండేది. బుద్ధిమాంద్యం అంచనాకు సంబంధించి సందేహాలుంటే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది. 1984లో ఏర్పాటైన ఆ సంస్థను ఇప్పుడు ఎన్ఐఈపీఐడీ అంటున్నారు.

ఆ వ్యక్తికి అసలు సంరక్షకుడు అవసరమా, అవసరమైతే ఏ పనులకు అన్నది కమిటీ చూస్తుంది. అమ్మాయికి సంరక్షకుడిగా ఒంటరి మగవారిని నియమించరు. ఆమోదం తర్వాత ఫారం-బి రూపంలో నియామక పత్రం ఇస్తారు. ఈ పత్రాన్ని బ్యాంకులు గుర్తించాలని రిజర్వు బ్యాంకు సూచించింది. బ్యాంకు మేనేజరు 'కోర్టు ఆర్డరే కావాలి' అని అంటే ఈ సంగతి లిఖితపూర్వకంగా గుర్తు చేయండి.

తల్లిదండ్రులు బతికి ఉన్నప్పుడే ఈ పని చేసుకోవడం మంచిది. 'మా తర్వాత వీడి గతేంటి' అన్న దిగులు ప్రతి ఇంట్లో ఉంటుంది. తమ తర్వాత ఎవరు చూసుకోవాలని కోరుకుంటున్నారో వారితో ముందే మాట్లాడి, ఆ పేరు కాగితం మీదికి తేవడం ఆ దిగులుకు కొంతైనా మందు.

సంరక్షకుడు ఆస్తికి యజమాని అవుతాడా?

కాడు. ఆయన కాపలాదారు మాత్రమే. మనిషి బాగోగులు, ఆస్తి రెండూ చూసుకోవాల్సిన బాధ్యత ఆయనది. నియమించిన 6 నెలల్లోగా ఆ వ్యక్తి ఆస్తులు, అప్పులు, రావాల్సిన బాకీల జాబితా ఇవ్వాలి. ప్రతి ఆర్థిక సంవత్సరం ముగిసిన 3 నెలల్లోగా రాబడి, ఖర్చు లెక్క చూపాలి.

లెక్క చూపకపోయినా, మనిషిని పస్తులుంచినా, కొట్టినా, ఆస్తిని దుర్వినియోగం చేసినా తొలగించొచ్చు. తల్లిదండ్రులు, బంధువులు లేదా నమోదైన సంస్థ ఈ విషయమై లోకల్ లెవెల్ కమిటీకి ఫిర్యాదు చేయొచ్చు. కమిటీ విచారించి చర్య తీసుకుంటుంది.

నియామక పత్రం చేతికి వచ్చింది కాబట్టి భూమి అమ్మేసుకోవచ్చనుకోవడం పొరపాటు. 2016 చట్టంలోని సెక్షన్ 14 ప్రకారం, వేరే ఏ చట్టం కింద నియమితులైన సంరక్షకుడైనా 'పరిమిత సంరక్షకుడి'గానే పనిచేయాలి. అంటే ఒక నిర్ణీత పనికి, నిర్ణీత కాలానికి, ఆ వ్యక్తి ఇష్టాయిష్టాలను తెలుసుకుంటూ, ఇద్దరూ కలిసి తీసుకునే నిర్ణయం. ఇలాంటి సంరక్షకుడిని జిల్లా కోర్టు గానీ, రాష్ట్ర ప్రభుత్వం నిర్దేశించిన అధికారి గానీ నియమించొచ్చు. పదే పదే అవసరం పడే వారికి పూర్తి సహాయం కూడా మంజూరు చేయొచ్చు. ఆ నిర్ణయం నచ్చకపోతే అప్పీలు చేసుకునే హక్కు ఆ దివ్యాంగుడికి ఉంది.

సెక్షన్ 13లోని ఇంకో నియమం గుర్తుంచుకోవాలి. సహాయం చేసే మనిషికి, సహాయం పొందే మనిషికి ఒక ఆస్తి లావాదేవీలో ప్రయోజనాలు ఎదురెదురైతే, ఆ లావాదేవీలో సహాయకుడు పక్కకు తప్పుకోవాలి. తమ్ముడి వాటాను కొనేది అన్నే అయితే, తమ్ముడి తరఫున సంతకం పెట్టేది కూడా ఆ అన్నే కాకూడదు.

మానసిక అనారోగ్యం ఉన్నవారి సంగతేంటి?

స్కిజోఫ్రెనియా, బైపోలార్ వంటి జబ్బులు మాత్రమే ఉన్నవారికి నేషనల్ ట్రస్ట్ చట్టం వర్తించదు. వీరికి వైద్యం విషయంలో మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం-2017 ఉంది. ఇది 2018 మే 29న అమల్లోకి వచ్చింది.

ఈ చట్టంలో 'నామినేటెడ్ రిప్రజెంటేటివ్' అనే ఏర్పాటు ఉంది. ఆరోగ్యం నిలకడగా ఉన్నప్పుడు తెల్ల కాగితం మీద 'నాకు బాగా లేనప్పుడు వైద్యం గురించి ఫలానా వారు నాకు తోడుగా ఉండాలి' అని రాసి సంతకం గానీ వేలిముద్ర గానీ వేస్తే చాలు. స్టాంపు పేపరు అక్కర్లేదు. ఎప్పుడైనా మార్చుకోవచ్చు. ఎవరి పేరూ రాయకపోతే బంధువు, ఆ తర్వాత సంరక్షణ చూసేవారు, ఆ తర్వాత మెంటల్ హెల్త్ రివ్యూ బోర్డు నియమించే వ్యక్తి ఆ స్థానంలోకి వస్తారు. ఏ వైద్యం కావాలి, ఏది వద్దు అని ముందే రాసి పెట్టుకునే వీలు కూడా సెక్షన్ 5లో ఉంది.

అయితే ఈ ప్రతినిధి అధికారం వైద్యం వరకే. భూమి, బ్యాంకు ఖాతా జోలికి వెళ్లే అధికారం లేదు. పాత 1987 చట్టంలో ఆస్తికి మేనేజరును నియమించే అధికారం జిల్లా కోర్టుకు ఉండేది. ఆ చట్టం రద్దయింది, కొత్త చట్టంలో ఆ అధ్యాయం లేదు. అందుకే ఆస్తి విషయాలకు 2016 చట్టంలోని సెక్షన్ 14 కింద జిల్లా కోర్టుకు వెళ్లడం ఒక దారి. అది కుదరని పరిస్థితుల్లో హైకోర్టులో రిట్ పిటిషన్ ఇంకో దారి.

డిమెన్షియా, కోమా కేసుల్లో జీపీఏ పనికొస్తుందా?

ఎక్కువ మంది దెబ్బతినేది ఇక్కడే. 'నాన్న బాగున్నప్పుడే నాకు జీపీఏ రాసిచ్చారు, ఇప్పుడు ఆయనకు మతి లేదు, నేనే సంతకం పెడతాను' అంటారు. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 201 ప్రకారం, అధికారం ఇచ్చిన మనిషి మతి స్థిమితం కోల్పోతే ఆ ఏజెన్సీ ముగుస్తుంది. అంటే అవసరమైన సమయానికే జీపీఏ చేతిలో కాగితంగా మిగులుతుంది. కొన్ని దేశాల్లో మతి పోయిన తర్వాత కూడా చెల్లే పవర్ ఆఫ్ అటార్నీ ఉంది. మన చట్టంలో ఆ ఏర్పాటు లేదు.

మరి దారేమిటి? మతిమరుపు మొదటి దశలో, మనిషికి విషయం తెలుస్తున్నప్పుడే బ్యాంకు ఖాతాను జాయింటుగా మార్చడం, నామినీని పెట్టడం, వీలునామా రాయడం వంటి పనులు పూర్తి చేసుకోవాలి. ఆ సమయంలో వారికి సామర్థ్యం ఉందని డాక్టరు రాసిచ్చిన పత్రం దగ్గర పెట్టుకుంటే తర్వాత వివాదాలు తగ్గుతాయి. బీబీనగర్ ఎయిమ్స్, హైదరాబాద్ ఎర్రగడ్డలోని ప్రభుత్వ మానసిక వైద్యశాల ఈ జిల్లా వారికి అందుబాటులో ఉన్న పెద్ద ప్రభుత్వ ఆస్పత్రులు.

అప్పటికే పరిస్థితి చేయి దాటితే, ముఖ్యంగా కోమాలో ఉన్నవారి విషయంలో, రాజ్యాంగంలోని 226వ అధికరణ కింద హైకోర్టును ఆశ్రయిస్తున్నారు. ఇలాంటి కేసుల్లో మెడికల్ బోర్డు పరీక్ష, రెవెన్యూ అధికారుల విచారణ, ఆ తర్వాత సంరక్షకుడి మీద నిఘా ఎలా ఉండాలో కేరళ హైకోర్టు 2019లో మార్గదర్శకాలు ఇచ్చింది.

పిల్లలు పట్టించుకోని వృద్ధులకు మరో చట్టం ఉంది. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం-2007 కింద భువనగిరి, చౌటుప్పల్ ఆర్డీవోల దగ్గర ట్రిబ్యునల్‌లో దరఖాస్తు చేయొచ్చు. వృద్ధులు స్వయంగా చేయలేకపోతే వారు అధికారమిచ్చిన వ్యక్తి లేదా సంస్థ చేయొచ్చు. ట్రిబ్యునల్ తనంతట తానుగా కూడా కేసు తీసుకోవచ్చు. పోషిస్తామనే షరతు మీద ఆస్తి రాయించుకుని, పట్టించుకోకుండా వదిలేస్తే ఆ బదిలీని రద్దు చేయమని సెక్షన్ 23 కింద అడగొచ్చు.

సివిల్ కోర్టులో ఎవరు నిలబడతారు?

సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోని 32వ ఆర్డర్ మైనర్ల కోసం రాసింది. 15వ రూలు ద్వారా అది మతి స్థిమితం లేని వారికీ వర్తిస్తుంది. వారి తరఫున దావా వేసే వ్యక్తిని 'నెక్స్ట్ ఫ్రెండ్' అంటారు. వారి మీద దావా పడితే వారి కోసం కోర్టు నియమించే వ్యక్తిని 'గార్డియన్ యాడ్ లైటెమ్' అంటారు. ఇద్దరి పనీ ఒకటే: ఆ కేసు వరకు ఆ మనిషి ప్రయోజనాన్ని కాపాడటం.

ఈ స్థానానికి కొన్ని అర్హతలున్నాయి. మేజరై ఉండాలి, మతి స్థిమితం ఉండాలి, కేసులో ఆ వ్యక్తికి వ్యతిరేకమైన ప్రయోజనం ఉండకూడదు. లిఖితపూర్వక సమ్మతి లేకుండా ఎవరినీ గార్డియన్‌గా నియమించకూడదు. తగినవారు ఎవరూ దొరక్కపోతే కోర్టు తన అధికారుల్లో ఒకరిని నియమించొచ్చు.

ఆ వ్యక్తికి ముందే కోర్టు ద్వారా మతి స్థిమితం లేదని ప్రకటన ఉండాలన్న నిబంధన లేదు. మానసిక బలహీనత వల్ల తన ప్రయోజనాన్ని కాపాడుకోలేడని ఈ కేసులోనే కోర్టు విచారించి తేల్చొచ్చు. అయితే విచారణ తప్పనిసరి. జడ్జి స్వయంగా ఆ వ్యక్తితో మాట్లాడి చూడటం, వైద్యుల పరీక్ష అనే రెండు భాగాలు ఇందులో ఉండాలని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెప్పిన తీర్పు 1963 లా రిపోర్టుల్లో ఉంది. తెలుగు నేల మీద పుట్టిన ఆ తీర్పును ఇప్పటికీ ఇతర రాష్ట్రాల కోర్టులు ఉదహరిస్తుంటాయి. ఎదుటి పక్షం 'ఈయనకు మతి లేదు' అని ఒక పిటిషన్ పడేసినంత మాత్రాన మనిషి గొంతు నొక్కకుండా, నిజంగా మతి లేని మనిషి మీద ఏకపక్షంగా తీర్పు రాకుండా ఈ విచారణ కాపాడుతుంది.

గార్డియన్ లేకుండా మతి స్థిమితం లేని వ్యక్తి మీద డిక్రీ ఇస్తే అది చెల్లదని సుప్రీంకోర్టు 1968లో చెప్పింది. అందుకే కేసు వేసే వారికి కూడా ఇది అవసరమైన జాగ్రత్తే. పంపకం దావాలో బుద్ధిమాంద్యం ఉన్న వాటాదారును మామూలు ప్రతివాదిగా చూపించి డిక్రీ తెచ్చుకుంటే, ఏళ్ల తర్వాత మొత్తం మళ్లీ మొదటికి రావొచ్చు.

రాజీ విషయంలో మరింత జాగ్రత్త ఉంది. 7వ రూలు ప్రకారం కోర్టు అనుమతి లేకుండా నెక్స్ట్ ఫ్రెండ్ గానీ గార్డియన్ గానీ రాజీ చేసుకోకూడదు. లోక్ అదాలత్‌లో రాజీకి కూర్చున్నా ఈ అనుమతి గురించి మరవకూడదు. డిక్రీ ద్వారా వచ్చే డబ్బును నెక్స్ట్ ఫ్రెండ్ తీసుకోవాలన్నా కోర్టు అనుమతి కావాలి.

గడువు దాటిపోయిందన్న భయం ఉన్నవారికి లిమిటేషన్ చట్టం-1963లో ఊరట ఉంది. దావా హక్కు పుట్టిన నాటికి మతి స్థిమితం లేని వ్యక్తికి, ఆ స్థితి తొలగిన తర్వాతే కాలం లెక్కిస్తారు. అయితే సెక్షన్ 8 ప్రకారం ఆ స్థితి తొలగాక ఇచ్చే అదనపు సమయం గరిష్ఠంగా 3 ఏళ్లే.

విడాకుల కేసు వస్తే?

భార్యకు మానసిక అనారోగ్యం ఉందంటూ హిందూ వివాహ చట్టం కింద భర్త విడాకులు కోరే కేసులు ఉంటాయి. నోటీసు పుట్టింటికి వస్తుంది. ఆమెకు అర్థం కాదు, తల్లిదండ్రులు భయపడి ఊరుకుంటారు, ఎక్స్‌పార్టీగా తీర్పు వస్తుంది. ఇలా జరగకూడదు. నోటీసు అందిన వెంటనే కోర్టుకు హాజరై, ఆమె తన కేసు తాను నడుపుకోలేని స్థితిలో ఉందని చెప్పి గార్డియన్‌ను నియమించమని అడగాలి. ఆమె అలాంటి స్థితిలో లేకపోతే ఆ మాటే చెప్పి గట్టిగా కొట్లాడాలి. మానసిక అనారోగ్యం రుజువు మీద ఎదుటి పక్షం అభ్యంతరం చెబితే, 2017 చట్టం సెక్షన్ 105 ప్రకారం కోర్టు ఆ విషయాన్ని పరిశీలన కోసం మెంటల్ హెల్త్ రివ్యూ బోర్డుకు పంపాలి.

భూమి రిజిస్ట్రేషన్, పరిహారం దగ్గర ఏం చూడాలి?

దస్తావేజు రాసిచ్చే వ్యక్తి మతి స్థిమితం లేని వాడిగా కనిపిస్తే రిజిస్ట్రేషన్‌ను తిరస్కరించాలని రిజిస్ట్రేషన్ చట్టం-1908 సెక్షన్ 35 చెబుతోంది. సబ్ రిజిస్ట్రార్‌కైనా, వ్యవసాయ భూములు రిజిస్టర్ చేసే తహసీల్దార్‌కైనా ఇదే నియమం. కుటుంబంలో ఎవరైనా ఇలాంటి వ్యక్తి వాటాను అమ్మించబోతున్నారని తెలిస్తే, సర్వే నంబరుతో సహా ముందుగానే లిఖితపూర్వక అభ్యంతరం ఇచ్చి రసీదు తీసుకోండి. అదే సమయంలో కోర్టులో ఇంజంక్షన్ కోసం ప్రయత్నించాలి. అభ్యంతర పత్రం ఒక్కటే అమ్మకాన్ని ఎల్లకాలం ఆపలేదు.

భూసేకరణలో నోటీసు ఏ చట్టం కింద వచ్చిందో మొదట చూడాలి. 2013 భూసేకరణ చట్టంలో అయితే, భూమిని బదిలీ చేసే అధికారం లేని వ్యక్తికి రావాల్సిన పరిహారాన్ని అథారిటీ దగ్గర డిపాజిట్ చేయడానికి, ఆ డబ్బును మదుపు చేయడానికి 77, 78 సెక్షన్లలో ఏర్పాటు ఉంది. అంటే అన్నదమ్ముల్లో ఒకరికి మతి స్థిమితం లేనంత మాత్రాన ఆయన వాటా డబ్బు మిగతా వారి ఖాతాల్లోకి పోవాల్సిన పని లేదు. అవార్డు విచారణలోనే ఆ వ్యక్తి పేరు, వాటా నమోదు చేయించాలి.

క్రిమినల్ కేసులో రక్షణ ఏమిటి?

ఇక్కడ రెండు వేర్వేరు ప్రశ్నలుంటాయి. నేరం జరిగినప్పుడు ఆ మనిషి స్థితి ఏమిటన్నది ఒకటి. మతి స్థిమితం లేక తాను చేస్తున్నదేమిటో తెలియని స్థితిలో చేసిన పని నేరం కాదని భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 22 చెబుతోంది. విచారణ జరిగేటప్పుడు తనను తాను కాపాడుకోగలడా అన్నది రెండోది. కాపాడుకోలేడని అనిపిస్తే మేజిస్ట్రేట్ వైద్య పరీక్ష చేయించాలి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 367వ సెక్షన్ నుంచి ఈ పద్ధతి ఉంది. విచారణ ఆగి ఉన్న సమయంలో బెయిలు మీద విడుదల చేసి, చూసుకునే వారికి అప్పగించే వీలుంది.

ఈ నియమాలను పట్టించుకోకపోతే ఏమవుతుందో దేశం చూసింది. అప్పటి బీహార్‌లోని హజారీబాగ్ జైల్లో మానసిక రోగులన్న పేరుతో, నయమైన తర్వాత కూడా దశాబ్దాల పాటు మగ్గిన ఖైదీల సంగతి 1982లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. వారి తరఫున అడిగే మనిషి లేకపోవడమే అసలు కారణం.

రోడ్ల మీద తిరిగే వారిని ఎవరు చూసుకోవాలి?

యాదగిరిగుట్ట లాంటి పుణ్యక్షేత్రాల దగ్గర, బస్టాండ్లలో, రైల్వే స్టేషన్లలో ఇలాంటి వారు కనిపిస్తారు. 2017 చట్టం సెక్షన్ 100 ప్రకారం వారిని రక్షణలోకి తీసుకోవడం స్థానిక పోలీసు స్టేషన్ బాధ్యత. 24 గంటల్లోగా దగ్గరలోని ప్రభుత్వ ఆస్పత్రికి తీసుకెళ్లి పరీక్ష చేయించాలి. లాకప్‌లో గానీ జైల్లో గానీ ఉంచకూడదు. ఇల్లు తెలియకపోతే తప్పిపోయిన వ్యక్తిగా ఎఫ్ఐఆర్ నమోదు చేసి కుటుంబాన్ని వెతకాలి. ఇంట్లోనే గొలుసులతో కట్టేసి, తిండి పెట్టకుండా హింసిస్తున్నట్టు తెలిస్తే ఎవరైనా పోలీసులకు చెప్పొచ్చు. పోలీసులు ఆ సంగతిని మేజిస్ట్రేట్ దృష్టికి తీసుకెళ్లాలి.

ఉచితంగా వకీలు ఎలా దొరుకుతారు?

న్యాయ సేవల అథారిటీల చట్టం-1987 సెక్షన్ 12 ప్రకారం దివ్యాంగులకు, మానసిక వైద్యశాలల్లో నిర్బంధంలో ఉన్నవారికి ఉచిత న్యాయ సహాయం హక్కు. దీనికి ఆదాయ పరిమితి లేదు. వకీలు ఫీజు, కోర్టు ఫీజు, నకళ్ల ఖర్చు అన్నీ ఇందులోకి వస్తాయి. మహిళలు, ఎస్సీ, ఎస్టీలకు కూడా ఇదే హక్కు ఉంది.

మానసిక అనారోగ్యం ఉన్నవారికి 2017 చట్టం సెక్షన్ 27 మరో రక్షణ ఇచ్చింది. వారికి ఉచిత న్యాయ సహాయం ఉందని, ఎక్కడ దొరుకుతుందో కూడా చెప్పాల్సిన బాధ్యత మేజిస్ట్రేటు, పోలీసు అధికారి, ఆస్పత్రి బాధ్యుల మీద ఉంది. అడగలేదు కాబట్టి చెప్పలేదనడం కుదరదు. జాతీయ న్యాయ సేవల సంస్థ నల్సా వీరి కోసమే 2024లో ప్రత్యేక పథకం తెచ్చింది.

2022 జూన్ 2న రాష్ట్రంలో కొత్త జిల్లా కోర్టులు మొదలయ్యాయి. అప్పటి నుంచి భువనగిరిలో జిల్లా కోర్టు, జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉన్నాయి. తెల్ల కాగితం మీద రాసిచ్చినా తీసుకుంటారు. ఆ వ్యక్తి తరఫున కుటుంబ సభ్యులు, ఇరుగుపొరుగు, అంగన్‌వాడీ టీచరు, పారా లీగల్ వలంటీరు ఎవరైనా వెళ్లి అడగొచ్చు. ఫోనులో అయితే 15100కు చేయాలి.

క్లుప్తంగా: ఏ పనికి ఎక్కడికి?

- ఆటిజం, బుద్ధిమాంద్యం, సెరెబ్రల్ పాల్సీ ఉన్న మేజర్లకు సంరక్షకుడు: కలెక్టరేట్, లోకల్ లెవెల్ కమిటీ, ఫారం-ఎ
- మానసిక వైద్యంలో తోడు నిర్ణయాలు: తెల్ల కాగితం మీద నామినేటెడ్ రిప్రజెంటేటివ్
- మానసిక అనారోగ్యం ఉన్నవారి ఆస్తి విషయాలు: జిల్లా కోర్టు, సెక్షన్ 14 కింద పరిమిత సంరక్షకుడు
- కోమా, మాట పడిపోయిన స్థితి: హైకోర్టు
- వృద్ధుల పోషణ: ఆర్డీవో ట్రిబ్యునల్, హెల్ప్‌లైన్ 14567
- ఏ కేసుకైనా ఉచిత వకీలు: జిల్లా న్యాయ సేవాధికార సంస్థ, 15100
- మానసిక సమస్యకు ఫోనులో సలహా: టెలీ మానస్ 14416

ఏ ఆఫీసుకు వెళ్లినా రెండు పనులు మరవొద్దు. ఇచ్చిన ప్రతి అర్జీకి రసీదు తీసుకోండి. ఎవరి కోసం వెళ్తున్నారో వారిని వీలైతే వెంట తీసుకెళ్లండి, కనీసం వారేం కోరుకుంటున్నారో ఇంట్లో అడిగి వెళ్లండి. మాట సరిగా రాని మనిషికి కూడా తన పొలం ఏదో, తనను బాగా చూసుకునేది ఎవరో తెలిసి ఉండొచ్చు. ఆ మాటను లెక్కలోకి తీసుకోవాలన్నది చట్టం పెట్టిన షరతు.